రెండు ఎడమ చేతుల కోటు

"కత్తెర ఎక్కడ పెట్టావే?"

టైలరు మాస్టరు భార్య తలెత్తలేదు. ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. సూది లేస్తోంది, దిగుతోంది.

"నిన్నే అడిగేది. కత్తెర."

"నా దగ్గరే ఉంది."

"ఇవ్వు మరి."

"మీటింగుకి వెళ్ళిరా. ఇస్తా."

పొద్దుట్నుంచీ ఇదే వరస. మాస్టరు చిరాగ్గా మిషను మీంచి లేచి, కటింగు టేబుల్ చుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చి మిషను మీదే కూర్చున్నాడు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. అలిగి వెళ్ళిపోదామన్నా అంతకంటే దూరం లేదు.

మూలన కుట్టిన బట్టలు తొడిగే బొమ్మ నిలబడి ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. కప్పింది ఆవిడే, చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోందని. దుప్పటి కింద ఉన్నది పళ్ళ డాక్టరుగారి కోటు. ఆదివారం ఆయన కూతురి పెళ్ళి, రేపు పొద్దున కోటు కోసం వస్తారు. కోటు బ్రహ్మాండంగా కుదిరింది, కాలరు కుదిరింది, జేబులు కుదిరాయి. చేతులే, రెండూ ఎడమ చేతులు.

గుడ్డని మడతపెట్టి ఒకేసారి కోస్తే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. నిన్న కుట్టు పని మొదలెట్టినవాడికి కూడా తెలిసిన సంగతి. మాస్టరు రాత్రి పూటుగా తాగి, మడత సంగతి మరిచిపోయి, ఒకదాని తర్వాత ఒకటి ఒకే వైపున కోశాడు. కోసినవాడు ఊరుకున్నాడా? కుట్టాడు కూడా. కుట్టి, ఈల వేసుకుంటూ బొమ్మకి తొడిగాడు. పొద్దున లేచి ఆవిడ చూసింది. అంతే, కత్తెర మాయమైంది.

మిగిలిన గుడ్డలో ఇంకొక్క చెయ్యికి చోటుంది. అది కూడా పాడైతే ఆ రంగు గుడ్డ మళ్ళీ దొరకదు.

ఇంకో కత్తెర కొనుక్కోవచ్చు కదా అంటారు. ఆ దారి మాస్టరు అత్తగారు ముందే మూసేసింది. బజారుకి వెళ్ళి కత్తెరలమ్మే కొట్లన్నీ తిరిగి, "మా అల్లుడొస్తే ఇవ్వకండి బాబూ, వేళ్ళు కోసుకుంటాడు" అని చెప్పి వచ్చింది.

ఆ మీటింగు అడ్రసు పట్టుకొచ్చిందీ ఆవిడే. తాగుడు మానేసేవాళ్ళంతా కలిసి కూర్చుని మాట్లాడుకుంటారట, పేర్లు కూడా చెప్పక్కర్లేదట, మూడో కంటికి తెలియకుండా వెళ్ళి రావొచ్చట. సరే, అంత గుట్టు మీటింగు ఎక్కడ జరుగుతుందో అత్తగారు ఎలా కనుక్కుంది? పోస్టాఫీసు క్యూలో గొంతెత్తి అడిగింది. మందుల షాపులో అడిగింది. లాండ్రీలో ఇస్త్రీ బట్టల కోసం వచ్చినవాళ్ళని అడిగింది. ఎవరికీ తెలియలేదు. చివరికి విసుగొచ్చి తిన్నగా వైన్ షాపుకే వెళ్ళి కౌంటరు దగ్గర నిలబడింది. షాపతను వెంటనే అడ్రసు చెప్పాడు. "మా దగ్గర కనపడ్డం మానేసినవాళ్ళంతా అక్కడే ఉంటారమ్మా" అన్నాడట కొంచెం దిగులుగా.

ఆవిడ ఇంటికి చేరేసరికి మాస్టరు సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది.

"ఇంక నిండా మునిగాను, వెళ్ళకపోతే మాత్రం ఏం దాగుతుంది?" అన్నాడు మాస్టరు.

"అదే నేనూ అంటున్నా," అంది భార్య. "వెళ్ళు."

"నేనొచ్చి దింపుతా," అంది అత్తగారు, అప్పటికే చెప్పులు వేసుకుని.

*

మీటింగు ఒక చిన్నపిల్లల బడిలో. మేడ మీద గది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన టీ కెటిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాస్టరు అత్తగారి వెనక నక్కాడు. దాంతో పెద్దాయన ఆవిణ్ణి చూసి ఆప్యాయంగా నవ్వాడు.

"రండమ్మా. మొదటిసారా? సిగ్గుపడకండి. ఇక్కడ అందరం మీలాంటివాళ్ళమే."

"నాలాంటివాళ్ళంటే?"

"తాగుడు మానలేక అవస్థపడ్డవాళ్ళం."

అత్తగారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత అల్లుణ్ణి చూసింది, ఈ మాట నేర్పింది నువ్వే కదూ అన్నట్టు. ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్ళడం పెళ్ళయ్యాక మాస్టరు మొదటిసారి చూశాడు.

లోపల అన్నీ పసిపిల్లల కుర్చీలే. ఎర్రవి, పచ్చవి, జానెడెత్తువి. వాటి మీద పెద్ద పెద్ద మనుషులు మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. గోడ మీద ఏనుగు, కుందేలు బొమ్మలు. మాస్టరు వెనక వరసలో పచ్చ కుర్చీ మీద భయం భయంగా కూర్చున్నాడు.

"ఇక్కడ ఒకటే షరతు," అన్నాడు పెద్దాయన టీ అందిస్తూ. "విన్నది ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. ఎవర్ని చూశారో ఇంట్లో కూడా చెప్పకూడదు."

"మా అత్తగారికి?"

"ముఖ్యంగా ఆవిడకి."

మాస్టరు కాస్త కుదుటపడి తలెత్తి చూశాడు. ముందు వరసలో ఒక వీపు కనిపించింది. ఎడమ భుజం కంటే కుడి భుజం వేలెడు కిందికి వాలి ఉంది. ఏళ్ళ తరబడి జనం నోళ్ళలోకి వంగి వంగి అలా వాలిపోయిన భుజం. ఆ వాలు కనపడకుండా కోటులో దూది ఎక్కువ పెట్టింది తనే. మొహం చూడక్కర్లేదు. పళ్ళ డాక్టరుగారు.

మాస్టరు టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరుగారు లేచి మాట్లాడుతున్నారు. "నేను చుక్క ముట్టుకుని చాలా ఏళ్ళయింది. మీకందరికీ తెలుసు. మా ఇంట్లోనే తెలియదు. తాగేవాణ్ణనీ తెలియదు, మానేశాననీ తెలియదు. అన్నీ గది తలుపేసుకునే చేశా. నా చెయ్యి వణుకుతుందని ఒక్కరికి అనుమానమొచ్చినా నా దగ్గరికి ఎవరూ రారు. ఇక్కడికి వచ్చే రోజు వాకింగుకని చెబుతా."

ఎవరో సానుభూతిగా నిట్టూర్చారు.

"ఆదివారం మా అమ్మాయి పెళ్ళి. వియ్యంకుడు గ్లాసు పట్టుకుని వస్తాడు. వద్దంటే ఎందుకంటాడు. సంగతి తెలియక మా ఆవిడే 'తీసుకోండి, వాళ్ళేమైనా అనుకుంటారు' అంటుంది. ఆ ఒక్క మాటకే నాకు భయంగా ఉంది." ఆయన చొక్కా సర్దుకున్నారు. "అందుకే ఒక మంచి కోటు కుట్టించుకుంటున్నా. గుండీలన్నీ పెట్టుకుని నిలబడితే లోపలి వణుకు బయటికి కనపడదని ఆశ. ఆ టైలరేమో ఎప్పుడడిగినా రేపు, రేపు అంటున్నాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టరు అటూ ఇటూ కదిలాడు. పచ్చ కుర్చీ కిర్రుమంది. అందరూ వెనక్కి తిరిగారు.

"కొత్తాయనా, మీరూ ఒక మాట చెప్పండి," అన్నాడు పెద్దాయన. "ఏం చేస్తుంటారు?"

"నేనా? వడ్రంగం పని," అన్నాడు మాస్టరు. అబద్ధం దానంతటదే వచ్చేసింది, అలవాటైన ప్రాణం.

"మంచిది. మరి మెళ్ళో టేపేమిటి?"

మాస్టరు మెడ తడుముకున్నాడు. కొలతల టేపు అక్కడే వేలాడుతోంది. కత్తెర కోసం పోట్లాడే గొడవలో దాన్ని తీసి పెట్టడమే మరిచిపోయాడు. డాక్టరుగారు టేపుని చూశారు, దాని పైనున్న మొహాన్ని చూశారు.

ఇంక దాచేదేముంది? మాస్టరు లేచాడు. "నేను టైలర్ని. తాగి ఒకాయన పెళ్ళి కోటు కోశా. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. మా ఆవిడ కత్తెర దాచేసింది. ఆ కత్తెర లేకపోతే నేనెవర్నో నాకే తెలియడం లేదు. అదండీ సంగతి."

ఒకాయన కిసుక్కుమన్నాడు. ఇంకొకాయన ఆపుకోలేకపోయాడు. తర్వాత గది గదంతా ఘొల్లుమంది. వెక్కిరింపు కాదు అది. ఇలాంటివి తామూ చేసి వచ్చినవాళ్ళ నవ్వు. ఆ నవ్వు విని మాస్టరుకి ఏడుపొచ్చింది, ఏడవబోతే నవ్వొచ్చింది.

డాక్టరుగారొక్కరే నవ్వలేదు. తన కుడి చెయ్యి చూసుకుంటూ కూర్చున్నారు.

అందరూ లేచాక ఆయన టీ గ్లాసుతో పక్కకి వచ్చారు. "ఆ కోటు ఏ రంగు?"

"నీలమండీ."

"సన్న గీత ఉంటుందా?"

"ఉంటుందండీ."

డాక్టరుగారు ఒక గుక్క తాగారు. "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలి. కాబట్టి నాకేమీ తెలియదు. రేపు పొద్దున మా ఆవిడతో షాపుకొస్తా. అప్పుడు మీరు చెప్పండి. అప్పుడు నాకు కోపమొస్తుంది."

"ఇప్పుడు రాలేదాండీ?"

"వచ్చింది. ఇక్కడే వదిలేసి పోతున్నా." అని ఆయన వెనక మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయారు.

*

ఇంట్లో అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "నన్ను తాగుబోతనుకున్నాడు," అంది అల్లుణ్ణి చూసి. "నా మొహంలో అంత కళ ఎక్కడ కనిపించిందో." మళ్ళీ గోడవైపు తిరిగింది.

భార్య కంచం పెట్టింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. కూర్చుంది.

"ఎంతమంది వచ్చారు?"

"చెప్పకూడదట."

"తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"అదీ చెప్పకూడదట. అక్కడ విన్నది అక్కడే ఉండాలట."

"టీ ఇచ్చారా?"

మాస్టరు ఆలోచించాడు. "ఇచ్చారు. అది చెప్పొచ్చనుకుంటా."

"బాగుందయ్యా. తాగొచ్చిన రోజుల్లో చెప్పకూడనివన్నీ వీధి చివరిదాకా వినపడేలా చెప్పావు. ఇవాళ తాగకుండా వచ్చి నాకే చెప్పకూడదంటున్నావు."

ఆవిడ కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

"రేపు డాక్టరుగారొస్తారు కదా. ఎలుక కొరికిందని చెబుతా. నువ్వు నోరెత్తకు."

"వద్దు. నిజమే చెప్దాం."

"నిజమా?" ఆవిడ నవ్వింది, కానీ నవ్వులా లేదది. "ఎలుకంటే ఇవాళ కొత్తగా వచ్చిందా? నీకోసం ఎన్నిసార్లు ఎలుకని పిలిచాను నేను. ఎన్నిసార్లు కరెంటు పోయిందన్నాను. నీకు జ్వరమని చెప్పీ చెప్పీ, నిజంగా జ్వరమొచ్చినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. నువ్వు తాగావు, అబద్ధాలన్నీ నేనాడాను."

మాస్టరు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాకు భయంగా ఉందయ్యా," అంది ఆవిడ మెల్లగా. "కోటు పోతే పోయింది. నువ్వు కత్తెర పట్టుకున్నప్పుడల్లా గుడ్డ చూడ్డం మానేసి నీ వేళ్ళు చూస్తున్నాను. ఇలా ఎన్నాళ్ళు చూడను?"

కంచం తనే తీసి కడిగాడు. అదేమిటని అత్తగారు గోడవైపు నుంచి కొంచెం ఇటు తిరిగి చూసింది.

*

పొద్దున టేబుల్ మీద కత్తెర ఉంది. దాని పక్కనే ఆవిడ నిలబడి ఉంది, అవసరమైతే మళ్ళీ తీసుకోవడానికి వీలుగా.

డాక్టరుగారు వచ్చారు. వెనకే ఆయన భార్య, చేతి నిండా పెళ్ళి సామాను సంచులతో. డాక్టరుగారు మాస్టరుని ఎప్పుడూ చూడనట్టు చూశారు. మాస్టరు ఇంకా రెండాకులు ఎక్కువ చదివి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"అదేమిటయ్యా, కొలతలు తీసుకున్నావు కదా," అంది డాక్టరుగారి భార్య.

"డాక్టరుగారూ, బాగున్నారా? మీరు పీకిన పన్ను పక్కది నొప్పిగా ఉంది," అని అత్తగారు అక్కడికక్కడే నోరు తెరిచింది.

"క్లినిక్కుకి రండమ్మా."

"ఆయన్ని వదులు అమ్మా," అంది మాస్టరు భార్య. ఇటు తిరిగి మర్యాదగా నవ్వింది. "డాక్టరుగారూ, ఏమనుకోకండి. కోటుకి చిన్న ఇబ్బంది వచ్చింది. ఎలుకలు..."

"ఎలుక కాదండీ," అన్నాడు మాస్టరు.

"నువ్వుండు."

"ఎలుక కాదు. నేనే..."

ఇద్దరి మధ్యా గొడవ ముదురుతుందని డాక్టరుగారికి జాలేసింది పాపం. జాలిలో మతి పోయింది. "పోనీలేండమ్మా, దానికేముంది. కుడి చెయ్యి ఒక్కటి మార్చేస్తే సరిపోతుంది," అన్నారు.

బొమ్మ మీద దుప్పటి దుప్పటిలాగే ఉంది. ఇంకా ఎవరూ తియ్యలేదు.

అందరి కళ్ళూ ఆ దుప్పటి వైపు తిరిగాయి.

"కుడి చెయ్యని మీకెవరు చెప్పారు?" అంది మాస్టరు భార్య.

"అవునండీ, ఎవరు చెప్పారు?" అంది డాక్టరుగారి భార్య సంచులు కింద పెడుతూ. "కోటు చూడనే లేదు కదా."

"ఊహించా," అన్నారు డాక్టరుగారు.

"నిన్న సాయంత్రం వాకింగుకి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. ఇక్కడికేమైనా వచ్చారా?"

"నిన్న సాయంత్రం మా ఆయన ఇంట్లో లేడు," అంది మాస్టరు భార్య. అని ఆగిపోయింది. మొగుణ్ణి చూసింది, డాక్టరుగారిని చూసింది. "అమ్మా, ఈయన్ని మీటింగులో దింపావా?"

"గుమ్మం దాకా దింపా," అంది అత్తగారు. "నేను వచ్చేశాక ఎటు పోయాడో, ఎవరితో కూర్చున్నాడో నాకేం తెలుసు."

మాస్టరు భార్య చెయ్యి కత్తెర మీద పడింది.

"నిన్న మీరిద్దరూ ఎక్కడ కలిశారు?" అంది. "ఏ వైన్ షాపులో? వాసన రాకుండా ఏం నమిలారు?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మీటింగులో కలిశామని ఒక్క మాటంటే చాలు, కత్తెర వస్తుంది, కోటు పూర్తవుతుంది, ఇంట్లో పరువు నిలుస్తుంది. కాకపోతే డాక్టరుగారి గుట్టు ఆయన భార్య ముందే, పెళ్ళి సంచుల మధ్యలో రట్టవుతుంది. డాక్టరుగారు కళ్ళతోనే బతిమాలుతున్నారు. నోళ్ళు తెరిపించే మనిషి తన నోరు తెరవలేక చెమటలు కక్కుతున్నారు.

"అడిగేది నిన్ను కాదూ? ఎక్కడ?"

"చెప్పను," అన్నాడు మాస్టరు.

"చెప్పవా?"

"కత్తెర నువ్వే ఉంచుకో. చెప్పను."

ఆవిడ ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి దగ్గర జవాబు లేకపోవడం ఆవిడ ఎరగదు. దారాల కొట్టు మూసి ఉందనేవాడు, స్నేహితుడి తండ్రి పోయాడనేవాడు, అదే తండ్రిని మళ్ళీ నెల కూడా చంపేవాడు. అడగడమే ఆలస్యం, అబద్ధం వేడివేడిగా వచ్చేది. ఇవాళ ఒక అబద్ధమాడితే గండం గడుస్తుంది. ఆడటం లేదు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, మెళ్ళో టేపుతో నిలబడ్డాడు.

ఆవిడ ఆ టేపు వంక చూసింది. అక్కడ విన్నది అక్కడే ఉండాలని నిన్న రాత్రి కంచం దగ్గర ఆయన అన్న మాట గుర్తొచ్చింది. డాక్టరుగారి చెమటలు చూసింది.

"ఏమండీ, మిమ్మల్నే," అంటోంది డాక్టరుగారి భార్య. "మాట్లాడరేం?"

డాక్టరుగారు నాలుగడుగులు వేసి బొమ్మ మీది దుప్పటి లాగేశారు. కోటు విప్పి తొడుక్కున్నారు. ఎడమ చెయ్యి సాఫీగా దూరింది. కుడి చెయ్యి దూరింది కానీ మోచేతి వంపు అడ్డం తిరిగి, వెనకనెవరో పట్టుకు లాగుతున్నట్టు చెయ్యి వీపు వైపుకి పోయింది. ఆయన పట్టించుకోలేదు. ఎడమ చేత్తోనే, కష్టపడి, గుండీలన్నీ పెట్టుకున్నారు.

ఆయన భార్య నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"కూర్చో," అన్నారు ఆయన. "ఆ వాకింగు గురించి నీకో మాట చెప్పాలి. ఆదివారం లోపలే చెప్పాలి."

మాస్టరు భార్య కత్తెర మీంచి చెయ్యి తీసేసింది. "తలుపు వేసిరా," అంది మొగుడితో. అత్తగారి వైపు తిరిగి మెల్లగా, "అమ్మా, ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. నీకే చెప్పేది," అంది.

మాస్టరు తలుపు వేసి గడియ పెట్టాడు. డాక్టరుగారి భార్య సంచి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుంది. డాక్టరుగారు నోరు తెరిచారు.